ఈటె వీరుడు ఎరిక్ లెమ్మింగ్
(మరియు స్టోరు రూములో ఉన్న మన ఈటె గురించి ఒక మనవి)

 

ఈసారి గోడ పత్రికలో నేను ఒక ఆటగాడి గురించి రాస్తున్నాను. ఆయన మన దేశం వాడు కాదు. సినిమాల్లో, పేపర్లో రోజూ కనిపించే పేరు కూడా కాదు. పేరు ఎరిక్ లెమ్మింగ్, దేశం స్వీడన్. నూరేళ్లకు ముందే ఈటె విసిరి ప్రపంచంలో అందరికంటే దూరం పంపినవాడు. లైబ్రరీలో ఉన్న క్రీడల పుస్తకం చదివి, పి.ఇ.టి. మేడమ్‌ని అడిగి తెలుసుకున్నవి రాస్తున్నా.

ఈయన గురించే ఎందుకంటే, దానికి ఒక కారణం ఉంది. అది ముందే చెప్పేస్తాను, దాచుకుంటే బాగుండదు.

పోయిన నెలలో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. సాయంత్రం ఆటల టైములో నేను ఈటె విసిరాను. అటువైపు దండెం మీద ఆరిన బట్టలు తీయడానికి ఆరో తరగతి చెల్లి ఒకామె వచ్చింది. నేను చూసుకోలేదు. ఈటె ఆమెకు నాలుగడుగుల దూరంలో మట్టిలో దిగింది. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు. ఆ మరుసటి రోజు నుంచి ఈటె స్టోరు రూములో తాళం వేసి ఉంది.

వార్డెన్ మేడమ్ చేసింది న్యాయమే. గాని లెమ్మింగ్ కథ చదివాక నాకు కొన్ని ఆలోచనలు వచ్చాయి. అవి చివర్లో రాస్తాను. ముందు ఆయన కథ వినండి.

ఈటె అంటే ఏమిటి?

మా తాతకు ఒక బరిసె ఉండేది. ఇంటి చూరులో చెక్కి పెట్టేవాడు. నేను ఈటె పోటీలో చేరానని చెబితే తాత నవ్వి, "బరిసె విసిరేది కాదే, పొడిచేది. విసిరితే చేతిలో ఏం మిగులుతుంది?" అన్నాడు. వేటకు పోయేవాడికి ఆ మాట నిజమే. ఆటలో ఈటె వేరు. అక్కడ గురి చూసి కొట్టేది ఏమీ ఉండదు. ఎంత దూరం పోయిందన్నదే లెక్క.

పెద్ద మగవాళ్ల ఈటె బరువు 800 గ్రాములు. అంటే కిలో బియ్యం కంటే 200 గ్రాములు తక్కువ. పొడవు 2 మీటర్ల 60 సెంటీమీటర్ల నుంచి 2 మీటర్ల 70 దాకా ఉంటుంది. మన డార్మిటరీ తలుపు కంటే పొడవు. ఆడవాళ్ల ఈటె 600 గ్రాములు, పొడవు 2 మీటర్ల 20 నుంచి 2 మీటర్ల 30 దాకా. మధ్యలో తాడు చుట్టి ఉంటుంది. అక్కడే పట్టుకోవాలి. ఈటెను వేలి మీద అడ్డంగా పెట్టి నిలబెడితే ఏ చోట అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుందో, ఆ చోటనే తాడు చుడతారు. దాన్ని గరిమనాభి అంటారు. ఫిజిక్స్ టీచరు చెప్పిన పాఠమే ఇది, గుర్తుందా?

నియమాలు ఇవి. పరుగెత్తుకొచ్చి భుజం పైనుంచి విసరాలి. గీత దాటకూడదు. గిరగిరా తిరిగి విసరకూడదు. ఈటె నేలకు తగిలేటప్పుడు ముందు మొన తగలాలి. బల్లపరుపుగా పడితే ఆ విసురు లెక్కలోకి రాదు. మొన మొదట తగిలిన చోటు నుంచి గీత దాకా టేపుతో కొలుస్తారు.

బలం ఉంటే చాలు అనుకుంటారు చాలామంది. నేనూ అట్లనే అనుకున్నా. కాదట. చేతిలోంచి వదిలేటప్పుడు ఈటె ఎంత వేగంగా ఉంది అన్నదే ముఖ్యం. ఆ వేగం చేతి నుంచి మాత్రమే రాదు. పరుగు నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి చేతికి వస్తుంది. కొరడా ఝళిపించినట్టు. పైగా ఈటెను మరీ ఆకాశంలోకి విసిరితే దూరం పోదు, మరీ కిందికి విసిరితే తొందరగా దిగిపోతుంది. సుమారు 35 డిగ్రీల కోణం మంచిదని మేడమ్ చెప్పింది.

పాత కాలంలో

ఈ ఆట చాలా పాతది. క్రీస్తు పూర్వం గ్రీకు దేశంలో ఒలింపియా అనే చోట ఆటలు జరిగేవి. అక్కడ ఐదు ఆటలు కలిపి ఒక పోటీ ఉండేది. పరుగు, దూకుడు, డిస్కస్, ఈటె, కుస్తీ. ఆ కాలంలో ఈటెకు తోలు పట్టీ చుట్టి, దానిలో వేలు పెట్టి విసిరేవాళ్లు. ఆ పట్టీ విడిపోతూ ఈటెను తిప్పేది, అందువల్ల అది తిన్నగా పోయేది. తర్వాత ఆ ఆటలే ఆగిపోయాయి. మళ్లీ 1896లో ఏథెన్స్‌లో కొత్త ఒలింపిక్స్ మొదలయ్యాయి. డిస్కస్ పెట్టారు, గుండు పెట్టారు. గాని ఈటె పెట్టలేదు! ఎరిక్ లెమ్మింగ్ కష్టమంతా ఇక్కడే మొదలు.

లెమ్మింగ్ పుట్టుక, మొదటి రికార్డు

ఎరిక్ లెమ్మింగ్ 1880 ఫిబ్రవరి 22న స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ అనే పట్నంలో పుట్టాడు. అది సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం. స్వీడన్ ఉత్తరాన ఉన్న చలి దేశం. చలికాలంలో మంచు పడుతుంది. అట్లాంటి చోట మైదానంలో ఆడే ఆటలకు ఏడాదిలో కొన్ని నెలలే దొరుకుతాయి. మనకు వానాకాలంలో గ్రౌండు బురద అవుతుందని మనం విసుక్కుంటాం కదా, వాళ్లకు మంచు.

లెమ్మింగ్ మంచి ఎత్తరి. సుమారు 190 సెంటీమీటర్లు. ఆయనకు ఒక్క ఆట కాదు, దూకడం, గుండు, డిస్కస్, సుత్తి, అన్నీ వచ్చు. గాని మనసంతా ఈటె మీదే.

1899లో ఆయన ఈటెను 49 మీటర్ల 32 సెంటీమీటర్లు విసిరాడు. అప్పుడు ఆయన వయసు 19 ఏళ్లు. అది అప్పటికి ప్రపంచంలోనే ఎక్కువ దూరం. అంటే 19 ఏళ్లకే ప్రపంచంలో మొదటివాడు అయ్యాడు.

పారిస్‌లో ఈటె లేదు

ఆ తర్వాతి ఏడాది 1900లో పారిస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ప్రపంచంలో అందరికంటే దూరం ఈటె విసిరేవాడు అక్కడికి పోయాడు. అక్కడ ఈటె పోటీయే లేదు.

ఈ మాట చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నా. మీరే ఆలోచించండి. మనకు బాగా వచ్చిన ఒక్క పని ఉంటుంది. మనం పోయిన చోట ఆ పనినే లెక్క పెట్టరు. ఐదో తరగతిలో నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకు మా భాషలో పాటలు బాగా వచ్చు, తెలుగులో ఒక వాక్యం కూడా సరిగా రాదు. పరీక్షలో పాటలు అడగలేదు. అందుకే లెమ్మింగ్ నాకు అర్థమయ్యాడు.

ఆయన అలిగి ఇంటికి పోలేదు. ఉన్న పోటీల్లోనే దిగాడు. ఎత్తు దూకడం, పొడవు దూకడం, ట్రిపుల్ జంప్, గడకర్రతో దూకడం, డిస్కస్, సుత్తి విసరడం. మొత్తం ఆరు! ఎత్తు దూకడంలో నాలుగో స్థానం వచ్చింది. పతకం ఒక్కటి కూడా రాలేదు. ఉత్త చేతులతో స్వీడన్ తిరిగి పోయాడు.

1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ జరిగాయి. అందులో కూడా ఈటె లేదు.

ఏథెన్స్ 1906

1906లో ఏథెన్స్‌లో మళ్లీ ఆటలు పెట్టారు. ఇవి నాలుగేళ్ల లెక్క ప్రకారం వచ్చినవి కావు, మధ్యలో పెట్టినవి. అందువల్ల ఇప్పుడు వీటిని అసలు ఒలింపిక్స్ లెక్కలో చేర్చరు. గాని ఆ రోజుల్లో చాలా దేశాల వాళ్లు వచ్చారు, గొప్పగా జరిగాయి. అక్కడ మొదటిసారి ఈటె పోటీ పెట్టారు.

లెమ్మింగ్ ఏడేళ్లు ఎదురుచూసినవాడు. ఎదురుచూస్తూ కూర్చోలేదు, విసురుతూ ఎదురుచూశాడు. ఆ రోజు 53 మీటర్ల 90 సెంటీమీటర్లు విసిరాడు. రెండో స్థానం వచ్చిన క్నుట్ లిండ్‌బర్గ్ కూడా స్వీడన్ వాడే. ఆయన విసిరింది 45 మీటర్ల 17 సెంటీమీటర్లు. తేడా 8 మీటర్ల 73 సెంటీమీటర్లు! మన తరగతి గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొలిచి చూశాను. ఆ గది కంటే ఎక్కువ తేడా.

అదే ఆటల్లో గుండు విసరడంలో, ఐదు ఆటల పోటీలో, తాడు లాగడంలో కూడా కాంస్య పతకాలు వచ్చాయి. తాడు లాగడం అంటే మనం ఆగస్టు 15కు ఆడేదే. అప్పుడు అది కూడా పెద్ద పోటీయే.

లండన్ 1908

1908లో లండన్ ఒలింపిక్స్. ఇప్పుడు అసలు ఒలింపిక్స్‌లోనే ఈటె వచ్చింది. ఒకటి కాదు, రెండు రకాలు పెట్టారు. ఒకదానిలో ఈటెను మధ్యలో తాడు చుట్టిన చోటనే పట్టుకోవాలి. రెండో దానిలో ఎక్కడైనా పట్టుకోవచ్చు, ఎవరి ఇష్టం వాళ్లది.

లెమ్మింగ్ రెండూ గెలిచాడు. ఇష్టం వచ్చినట్టు పట్టుకునే పోటీలో 54 మీటర్ల 44 సెంటీమీటర్లు. మధ్యలో పట్టుకునే పోటీలో 54 మీటర్ల 82 సెంటీమీటర్లు. రెండు బంగారు పతకాలు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నియమం లేని పోటీ కంటే నియమం ఉన్న పోటీలోనే ఆయన 38 సెంటీమీటర్లు ఎక్కువ విసిరాడు. నియమం పెడితే ఆట పాడవుతుంది అని మనం అనుకుంటాం. అట్లేమీ కాదు.

స్టాక్‌హోమ్ 1912

ఈసారి ఒలింపిక్స్ ఆయన సొంత దేశంలోనే వచ్చాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కొత్త స్టేడియం కట్టారు. లెమ్మింగ్ వయసు 32. చుట్టూ సొంత మనుషులు. జిల్లా ఆటలు మన స్కూలు గ్రౌండులోనే జరిగితే ఎట్లుంటుందో అట్లన్నమాట. సంతోషం ఉంటుంది, భయం కూడా ఉంటుంది.

జులై 6న పోటీ జరిగింది. లెమ్మింగ్ 60 మీటర్ల 64 సెంటీమీటర్లు విసిరాడు. ఒలింపిక్స్‌లో ఈటె 60 మీటర్లు దాటడం అదే మొదలు. ఫిన్లాండ్ వాడైన యుహో సారిస్టో 58 మీటర్ల 66 సెంటీమీటర్లతో రెండో స్థానం. హంగేరీకి చెందిన మోర్ కోచాన్ 55 మీటర్ల 50 సెంటీమీటర్లతో మూడో స్థానం.

కథ ఇక్కడితో అయిపోతుంది అనుకున్నా. అయిపోలేదు.

ఆ ఒలింపిక్స్‌లో ఒక వింత పోటీ ఉండేది. కుడి చేత్తో విసరాలి, ఎడమ చేత్తో కూడా విసరాలి, రెండూ కలిపి కూడతారు. జులై 9న అది జరిగింది. సారిస్టో కుడి చేత్తో 61 మీటర్లు, ఎడమ చేత్తో 48 మీటర్ల 42 సెంటీమీటర్లు విసిరి, మొత్తం 109 మీటర్ల 42 సెంటీమీటర్లతో గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ ఫిన్లాండ్ వాళ్లవే. లెమ్మింగ్‌కు పతకం రాలేదు.

సారిస్టో కుడి చేతి విసురు చూడండి, 61 మీటర్లు. మూడు రోజుల ముందు లెమ్మింగ్ బంగారు పతకం గెలిచిన విసురు కంటే 36 సెంటీమీటర్లు ఎక్కువ! సారిస్టోకు అప్పటికి ఇంకా 21 నిండలేదు. లెమ్మింగ్ 32 ఏళ్ల వాడు. ఇంకెవరైనా అయితే "నా పతకాలు నాకు వచ్చాయి, ఇక చాలు" అనేవాళ్లు.

లెమ్మింగ్ అనలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 29న స్టాక్‌హోమ్‌లోనే మళ్లీ విసిరాడు. 62 మీటర్ల 32 సెంటీమీటర్లు!

ఆ ఏడాదే ప్రపంచ దేశాల అథ్లెటిక్ సమాఖ్య ఏర్పడింది. అంతకు ముందు రికార్డులను అందరూ ఒప్పుకునేటట్టు రాసిపెట్టే సంస్థ లేదు. ఆ సమాఖ్య పుస్తకంలో మగవాళ్ల ఈటెలో రాసిన మొట్టమొదటి ప్రపంచ రికార్డు లెమ్మింగ్‌దే, ఈ 62.32. అధికారికంగా అది 1919 దాకా నిలిచింది. ఆ ఏడాది ఫిన్లాండ్ ఆటగాడు యోన్ని ముర్రా 66 మీటర్ల 10 సెంటీమీటర్లు విసిరి దాన్ని దాటాడు. ముర్రా తర్వాత 1920, 1924 ఒలింపిక్స్ రెండూ గెలిచాడు.

నేను చేసిన లెక్క

ఇది పుస్తకంలో లేదు, నేను చేసుకున్నది. మీరూ చేసి చూడండి.

1899లో: 49.32 మీటర్లు
1906లో: 53.90 మీటర్లు
1908లో: 54.82 మీటర్లు (ఒలింపిక్స్)
1912 జులైలో: 60.64 మీటర్లు (ఒలింపిక్స్)
1912 సెప్టెంబర్‌లో: 62.32 మీటర్లు

చివరి దాంట్లోంచి మొదటిది తీసేస్తే సరిగ్గా 13 మీటర్లు. 1912లోంచి 1899 తీసేస్తే 13 ఏళ్లు. అంటే సగటున ఏడాదికి ఒక్క మీటరు!

నేను రెండుసార్లు లెక్క చేశాను, తప్పు పోయిందేమో అని. లెక్కల టీచరుకు కూడా చూపించాను. కరెక్టే. ప్రతి ఏడాది సమానంగా ఒక మీటరు పెరిగిందని కాదు, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. గాని మొత్తం మీద అంతే. ప్రపంచ రికార్డు వీరుడు అంటే ఒక్క రోజులో పైకి ఎగిరిపోయినవాడు అనుకున్నా. ఏడాదికి ఒక మీటరు అంటే నాకు రెండు అడుగులు. రెండు అడుగుల కోసం 365 రోజులు.

నేను మొదటిసారి విసిరినప్పుడు 14 మీటర్లు పడింది. ఈటె స్టోరు రూములోకి పోయే ముందు కొలిచినది 19 మీటర్ల 40 సెంటీమీటర్లు. మండలం ఆటల్లో ఆ దూరానికి నాకు ఐదో స్థానం వచ్చింది. ఐదుగురమే విసిరాం. అప్పుడు నాకు చాలా సిగ్గు అనిపించింది. ఇప్పుడు అంత అనిపించడం లేదు.

తర్వాత ఏమైంది?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో బెర్లిన్‌లో జరగాల్సిన ఒలింపిక్స్ జరగలేదు. లెమ్మింగ్ మళ్లీ ఒలింపిక్స్‌లో ఆడలేదు. 1930 జూన్ 5న, తాను పుట్టిన గోథెన్‌బర్గ్‌లోనే చనిపోయాడు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు.

ఇంకో మాట చెప్పాలి. నేను ఇంత సేపు రాసిన పోటీలు అన్నీ మగవాళ్లవే. లెమ్మింగ్ ఆరేడేళ్లు ఎదురుచూశాడని నేను బాధపడ్డాను. ఆడవాళ్లు ఇంకా ఎక్కువ ఎదురుచూశారు. పరుగు, దూకుడు, విసురు లాంటి అథ్లెటిక్స్ ఆటల్లో ఆడవాళ్లను 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లోనే మొదట రానిచ్చారు. అప్పుడూ డిస్కస్ ఉంది గాని ఈటె లేదు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ల ఈటె మొదలైంది. అమెరికా అమ్మాయి బేబ్ డిడ్రిక్సన్ 43 మీటర్ల 68 సెంటీమీటర్లతో గెలిచింది. ఏథెన్స్‌లో మగవాళ్లకు ఈటె ఇచ్చిన 26 ఏళ్లకు ఆడవాళ్లకు ఇచ్చారు. అది చూడటానికి లెమ్మింగ్ లేడు.

ఇప్పుడు ఆడవాళ్ల ప్రపంచ రికార్డు 72 మీటర్ల 28 సెంటీమీటర్లు. చెక్ దేశానికి చెందిన బార్బోరా స్పొటకోవా 2008లో విసిరింది. ఆడవాళ్ల ఈటె 200 గ్రాములు తేలిక, కొలతలు వేరు, కాబట్టి రెండూ పోల్చకూడదని మేడమ్ చెప్పింది. అయినా 62 చూసి 72 చూస్తే నాకు నవ్వొచ్చింది. సంతోషంతో.

మన దేశం నుంచి నీరజ్ చోప్రా 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 87 మీటర్ల 58 సెంటీమీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు. అది మీ అందరికీ తెలుసు. ఆ దారి మొదట్లో నడిచినవాళ్లలో లెమ్మింగ్ ఒకడు.

ఈటె ప్రమాదమే, మరి ఏం చేశారు?

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన మాటకు వస్తున్నాను.

1984లో తూర్పు జర్మనీకి చెందిన ఊవే హోన్ అనే ఆటగాడు ఈటెను 104 మీటర్ల 80 సెంటీమీటర్లు విసిరాడు. వంద మీటర్ల పరుగు పందెం దూరం కంటే ఎక్కువ. అప్పుడు పెద్దవాళ్లకు భయం పట్టుకుంది. మైదానంలో అటు చివర వేరే ఆటలు ఆడేవాళ్లుంటారు, కూర్చుని చూసేవాళ్లుంటారు. ఈటె ఇట్లనే పెరుగుతూ పోతే ఎవరికో ఒకరికి తగులుతుంది. పైగా కొన్ని ఈటెలు బల్లపరుపుగా పడి, మొన తగిలిందా లేదా అని గొడవలయ్యేవి.

అప్పుడు ఏం చేశారు? ఈటె ఆటను తీసేయలేదు. ఈటెనే మార్చారు. 1986 నుంచి మగవాళ్ల ఈటెలో గరిమనాభిని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దానివల్ల ముక్కు ముందే కిందికి వంగుతుంది, ఈటె తొందరగా దిగుతుంది, మొనతోనే దిగుతుంది. దూరం తగ్గింది, ప్రమాదం తగ్గింది, ఆట మిగిలింది. 1999లో ఆడవాళ్ల ఈటెను కూడా అట్లనే మార్చారు.

ఇది చదివాక నాకు అనిపించింది. ప్రపంచంలో ఉన్న పెద్దవాళ్లకు కూడా మన వార్డెన్ మేడమ్‌కు వచ్చిన భయమే వచ్చింది. ఆ భయం సరైనదే. దానికి వాళ్లు ఒక ఉపాయం చూశారు. మనం కూడా చూడొచ్చు కదా అని.

నా మనవి

గౌరవనీయులైన వార్డెన్ మేడమ్ గారూ, మీరు కోప్పడరనే నమ్మకంతో రాస్తున్నాను. ఈటెను మాకు తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇట్లయితే ఇవ్వండి:

1. పి.ఇ.టి. మేడమ్ గ్రౌండులో ఉన్నప్పుడు మాత్రమే ఈటె విసరాలి. మేడమ్ లేని రోజు ముట్టుకోకూడదు.
2. దండెం ఉన్న వైపు కాకుండా చింతచెట్టు వైపు తిరిగి విసరాలి. అటువైపు దారి లేదు.
3. రెండు వైపులా సున్నంతో గీతలు గీయాలి. గీతల మధ్యకు ఎవరూ రాకూడదు.
4. ఎర్ర జెండా పట్టుకుని ఒకరు నిలబడాలి. జెండా కిందికి దించితేనే విసరాలి.
5. అందరూ విసిరాక నడుచుకుంటూ పోయి ఈటె తెచ్చుకోవాలి. పరుగెత్తకూడదు. తెచ్చేటప్పుడు మొన నేల వైపు ఉండాలి.
6. ఈ నియమం ఎవరు తప్పినా, నేను తప్పినా, ఆ నెలంతా ఆమె ఈటె ముట్టుకోకూడదు.

ఈటె ఇచ్చేదాకా నేను ఊరికే కూర్చోలేదు. క్రికెట్ బంతి భుజం పైనుంచి విసురుతున్నాను. రోజూ ఉదయం వ్యాయామం టైములో గ్రౌండు చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తుతున్నాను. పారిస్‌లో ఈటె లేకపోతే లెమ్మింగ్ దూకడం పోటీలో దిగాడు కదా, అట్లా.

మా ఇంట్లో చదువుకు వచ్చింది నేనే మొదలు. మా అయ్య మొన్న వచ్చినప్పుడు ఈటె సంగతి చెప్పాను. తిడతాడు అనుకున్నా. కాసేపు ఊరుకుని, "ఆ పిల్లకు చెప్పుకున్నావా?" అని అడిగాడు. చెప్పుకున్నాను. ఆ ఆరో తరగతి చెల్లి దగ్గరకు పోయి, తప్పయిందమ్మా అని చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నాల దగ్గర లైన్లో నా వెనక నిలబడింది. ఈ వ్యాసం రాసేటప్పుడు ఆమెకు చదివి వినిపించాను. నియమాలన్నీ విని, "ఎర్ర జెండా నేను పట్టుకుంటా అక్కా" అంది.

నాకు వచ్చే ఏడాదికి 20 మీటర్ల 40 సెంటీమీటర్లు చాలు. ఒక్క మీటరు.

చేతిరాతలో, లెక్కల్లో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ విధేయురాలు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని